బర్మింగ్‌హామ్‌లో డిగ్‌బెత్, అక్కడి ఐరిష్ పేట: తరచుగా అడిగే ప్రశ్నలు

చదువుకో ఉద్యోగానికో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ వచ్చే తెలుగువాళ్ళలో చాలామందికి మొదట కనిపించే పేట డిగ్‌బెత్. ఊరి ప్రధాన కోచ్ స్టేషన్ అక్కడే ఉంది. బస్సు దిగి తల ఎత్తితే ఒకవైపు నల్లబడ్డ ఇటుక కార్ఖానాలు, గోడల నిండా రంగుల బొమ్మలు, ఇంకోవైపు క్రేన్లు కనిపిస్తాయి. ఇదేం పేట, ఇంత తవ్వకం ఎందుకు, ఐరిష్ క్వార్టర్ అంటారు గానీ ఐరిష్ వాళ్ళేరీ అని అడిగేవాళ్ళ కోసం ఈ జవాబులు.

డిగ్‌బెత్ సరిగ్గా ఎక్కడుంది?

బుల్ రింగ్ షాపింగ్ సెంటర్ నుంచి సెయింట్ మార్టిన్స్ చర్చి పక్కగా పల్లానికి నడిస్తే కొన్ని నిమిషాల్లో వచ్చేస్తుంది. ఆ పల్లంలో రే అనే చిన్న నది ఉంది. ఇప్పుడు దాన్ని కాంక్రీటు కాలువలో బంధించారు కాబట్టి చాలామంది గమనించకుండానే దాటిపోతారు. నదికి ఇవతల డిగ్‌బెత్, అవతల డెరిటెండ్, ఇంకా ముందుకెళ్తే బోర్డ్స్‌లీ. మామూలు మాటల్లో అన్నిటినీ కలిపి డిగ్‌బెత్ అనేస్తారు.

బర్మింగ్‌హామ్ పుట్టింది ఈ నదిని దాటే రేవు దగ్గరే. 1166లో పీటర్ డి బర్మింగ్‌హామ్ అనే భూస్వామి సంత నడుపుకునే హక్కు రాజు దగ్గర సంపాదించాడు. ఆ సంత చుట్టూ ఊరు పెరిగింది. డెరిటెండ్‌లోని ఓల్డ్ క్రౌన్ పబ్బు కట్టెల చట్రంతో కట్టిన పాతకాలపు భవనం, వయసు 500 ఏళ్ళ పైమాటే. 1851లో రోడ్డు వెడల్పు కోసం దాన్ని కూల్చబోతే జాషువా టౌల్మిన్ స్మిత్ అనే పెద్దమనిషి అడ్డం పడి ఆపించాడు. అభివృద్ధి పేరుతో కూల్చడం, దానికి ఎవరో ఒకరు ఎదురు నిలబడడం ఇక్కడ ఇప్పుడు మొదలైన గొడవ కాదు.

బర్మింగ్‌హామ్‌ను పారిశ్రామిక నగరం అంటారు కదా, ఏం తయారయ్యేవి?

గుండీలు, పెన్ను పాళీలు, తుపాకులు, నగలు, ఇత్తడి సామాను, మేకులు, ఆ తర్వాత సైకిళ్ళు, కార్లు. వెయ్యి వృత్తుల నగరం అని పేరు. మాంచెస్టర్‌లో లాగా పెద్ద పెద్ద మిల్లులు కాకుండా ఇక్కడ చిన్న చిన్న వర్క్‌షాపులు ఎక్కువ. డిగ్‌బెత్ వీధులు ఇరుగ్గా, గజిబిజిగా ఉండడానికి అదే కారణం. కాలువల మీద బొగ్గు, ఇనుము వచ్చేవి. 1838లో లండన్ నుంచి రైలు కర్జన్ స్ట్రీట్ స్టేషన్‌కు చేరింది. ఆ స్టేషన్ ముఖద్వారం ఇప్పటికీ ఉంది. దాని పేరు తర్వాత మళ్ళీ వస్తుంది.

కస్టర్డ్ ఫ్యాక్టరీ అంటే నిజంగా కస్టర్డ్ చేసేవారా?

నిజంగానే. మన ఇళ్ళల్లో ఫ్రూట్ సలాడ్‌లో కలిపే కస్టర్డ్ పౌడర్ పుట్టింది బర్మింగ్‌హామ్‌లోనే. ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల వ్యాపారి 1837లో గుడ్డు లేని కస్టర్డ్ పొడి తయారుచేశాడు, ఎందుకంటే ఆయన భార్యకు గుడ్డు పడదు. శాకాహారుల వంటింట్లోకి అది రాగలిగింది ఆ ఒక్క కారణంతోనే. తర్వాత వ్యాపారం పెరిగి డిగ్‌బెత్‌లోని గిబ్ స్ట్రీట్‌లో పెద్ద కార్ఖానా లేచింది. 1964లో ఉత్పత్తి బాన్‌బరీ అనే ఊరికి వెళ్ళిపోయింది, భవనాలు పాడుబడ్డాయి. 1990ల మొదట్లో బెన్నీ గ్రే అనే డెవలపర్ వాటిని బాగుచేసి, చిత్రకారులకు, డిజైనర్లకు, చిన్న వ్యాపారాలకు తక్కువ అద్దెకు ఇచ్చాడు. డిగ్‌బెత్‌కు మళ్ళీ మనుషులు రావడం అప్పుడే మొదలైంది. కూల్చి కట్టడానికి బదులు ఉన్నదాన్ని వాడుకోవచ్చని అందరికంటే ముందు చేసి చూపించింది ఈ ఫ్యాక్టరీయే.

అక్కడికి దగ్గర్లోనే టైఫూ టీ కార్ఖానా కూడా ఉండేది, 1978లో మూతపడింది. దాన్ని మార్చి తమ మిడ్‌లాండ్స్ కేంద్రాన్ని అక్కడికి తెస్తామని బీబీసీ 2022లో ప్రకటించింది.

ఐరిష్ వాళ్ళు ఇక్కడికి ఎప్పుడు వచ్చారు?

రెండు పెద్ద అలలుగా వచ్చారు.

మొదటిది 19వ శతాబ్దంలో. కాలువలు, రైల్వేలు, ఇళ్ళ పనులకు కూలీలు కావాలి. ఐర్లండ్‌లో 1845 నుంచి బంగాళాదుంప పంట వరుసగా కుళ్ళిపోయి మహాక్షామం వచ్చింది. దాదాపు 10 లక్షల మంది చనిపోయారు, అంతకంటే ఎక్కువమంది దేశం వదిలిపోయారు. అలా వచ్చినవాళ్ళతో 1851 నాటికి బర్మింగ్‌హామ్ జనాభాలో ఐర్లండ్‌లో పుట్టినవాళ్ళు సుమారు 4 శాతం అయ్యారు. రాస్‌కామన్, మేయో, గాల్వే లాంటి పశ్చిమ జిల్లాల వాళ్ళు ఎక్కువ. డిగ్‌బెత్ చుట్టుపక్కల చవక గదుల్లో, ఒకే పెరటి చుట్టూ వెనక గోడలు ఆనించి కట్టిన ఇరుకు ఇళ్ళల్లో ఉండేవారు. 1849లో జాన్ హెన్రీ న్యూమన్ అనే కాథలిక్ మతగురువు డెరిటెండ్‌లోని ఆల్సెస్టర్ స్ట్రీట్‌లో ఒక పాత సారాయి బట్టీని కాథలిక్ ప్రార్థనా మందిరంగా మార్చాడు. సెయింట్ ఆన్స్ చర్చి అలా మొదలైంది. ఎవరూ లేని ఊళ్ళో ఆ పేదలకు మనవాళ్ళు అనిపించే చోటు అదే.

రెండోది రెండో ప్రపంచ యుద్ధం తర్వాత. బాంబులు పడి దెబ్బతిన్న నగరాన్ని మళ్ళీ కట్టాలి, కార్ల ఫ్యాక్టరీలకు మనుషులు కావాలి, బస్సులకు డ్రైవర్లు కండక్టర్లు కావాలి, ఆసుపత్రులకు నర్సులు కావాలి. హోలీహెడ్ రేవులో ఓడ దిగి వేలమంది నేరుగా బర్మింగ్‌హామ్ వచ్చారు. 1972లో ప్రారంభమైన స్పగెట్టి జంక్షన్ అనే చిక్కుముడి లాంటి రోడ్ల కూడలి, దాన్ని కలిపే ఎమ్ 6 మోటార్‌వే పనుల్లో ఐరిష్ కూలీల చెమట చాలా ఉంది.

వాళ్ళను ఊరు బాగా చూసుకుందా?

అన్నివేళలా కాదు. 1867 జూన్‌లో విలియం మర్ఫీ అనే కాథలిక్ వ్యతిరేక ప్రచారకుడు ఊళ్ళోకి వచ్చి ఉపన్యాసాలు ఇచ్చాడు. ఉద్రేకపడ్డ గుంపులు ఐరిష్ వాళ్ళు ఎక్కువగా ఉండే పార్క్ స్ట్రీట్ మీద పడ్డాయి. ఇళ్ళు ధ్వంసం చేసి, సామాను వీధిలో పారేశాయి. చరిత్రలో వీటిని మర్ఫీ అల్లర్లు అంటారు. పార్క్ స్ట్రీట్ పేరు గుర్తుపెట్టుకోండి, రైల్వే ప్రశ్న దగ్గర మళ్ళీ అవసరం పడుతుంది.

1974లో ఏం జరిగింది? ఐరిష్ పెద్దవాళ్ళు ఇప్పటికీ ఆ మాట ఎత్తితే మౌనంగా ఉంటారెందుకు?

1974 నవంబరు 21 రాత్రి సిటీ సెంటర్‌లోని రెండు పబ్బుల్లో బాంబులు పేలాయి. మల్బరీ బుష్, టావెర్న్ ఇన్ ద టౌన్ వాటి పేర్లు. 21 మంది చనిపోయారు, 180 మందికి పైగా గాయపడ్డారు. చాలామంది పాతికేళ్ళు కూడా లేని పిల్లలు. చనిపోయినవారిలో ఐరిష్ అన్నదమ్ములు కూడా ఉన్నారు. ఇది ఉత్తర ఐర్లండ్‌లో బ్రిటిష్ పాలన మీద ఆయుధాలతో పోరాడిన ఐఆర్ఏ అనే సంస్థ పని అని అప్పుడే అందరూ అన్నారు.

నేరం చేసింది కొందరు, శిక్ష పడింది ఒక సమాజానికి. వాళ్ళ సమాజ హాలైన ఐరిష్ సెంటర్ మీద, ఐరిష్ వ్యాపారాల మీద దాడులు జరిగాయి. ఫ్యాక్టరీల్లో ఏళ్ళ తరబడి పక్కపక్కన పనిచేసినవాళ్ళు మాట్లాడడం మానేశారు. బస్సులో, కొట్లో నోరు విప్పితే యాస బయటపడుతుందని భయపడి మాట్లాడని వాళ్ళున్నారు. ఎనిమిది రోజుల్లోనే ఉగ్రవాద నిరోధక చట్టం వచ్చింది. పోలీసులు ఆరుగురు ఐరిష్ వాళ్ళను పట్టుకున్నారు, 1975లో వాళ్ళకు యావజ్జీవ శిక్ష పడింది. బర్మింగ్‌హామ్ సిక్స్ అని పిలిచే ఆ ఆరుగురూ నిర్దోషులు. 16 ఏళ్ళు జైల్లో గడిపాక 1991 మార్చి 14న అప్పీలు కోర్టు వాళ్ళను విడుదల చేసింది. అసలు నేరస్థులకు కోర్టులో ఇప్పటిదాకా శిక్ష పడలేదు. చనిపోయినవారి కుటుంబాలకూ, జైలుకెళ్ళినవారికీ ఇద్దరికీ అన్యాయమే మిగిలింది.

2018లో న్యూ స్ట్రీట్ స్టేషన్ ఎదుట ఒక స్మారకం పెట్టారు. ఉక్కుతో చేసిన మూడు చెట్లు, వాటి మీద 21 మంది పేర్లు. పెట్టించింది బర్మింగ్‌హామ్ ఐరిష్ అసోసియేషన్, రూపం ఇచ్చింది అనురాధా పటేల్ అనే స్థానిక కళాకారిణి. ఆ స్మారకం చూడకుండా డిగ్‌బెత్ గురించి మాట్లాడుకోవడం నాకు సగం మాటే అనిపిస్తుంది.

సెయింట్ పాట్రిక్స్ డే ఊరేగింపు సంగతేమిటి?

1952లో మొదలైంది. 1974 తర్వాత ఆగిపోయింది. 1996లో మళ్ళీ డిగ్‌బెత్ వీధుల్లోకి వచ్చింది. మధ్యలో 20 ఏళ్ళకు పైగా ఒక సమాజం తన పండగ బహిరంగంగా చేసుకోలేకపోయింది. తిరిగి మొదలైన కొన్నేళ్ళకే డబ్లిన్, న్యూయార్క్ తర్వాత ఇదే పెద్దదని చెప్పుకునే స్థాయికి పెరిగింది. 2020లో కోవిడ్ వల్ల మళ్ళీ ఆగింది.

కార్ఖానాలన్నీ ఎందుకు మూతపడ్డాయి?

ఒక కారణం అందరికీ తెలిసిందే. విదేశీ పోటీ, 1970ల చమురు ధరలు, కార్ల పరిశ్రమ దెబ్బతినడం. ఇంకో కారణం గురించి తక్కువ మాట్లాడతారు. యుద్ధం తర్వాత బర్మింగ్‌హామ్ ఎంత బాగా సంపాదించేదంటే, మిగతా ప్రాంతాలు వెనకబడుతున్నాయని కేంద్ర ప్రభుత్వమే ఇక్కడ కొత్త ఫ్యాక్టరీలకు అనుమతులు బిగించింది. 1965 తర్వాత కొత్త ఆఫీసు భవనాల మీద కూడా ఆంక్షలు పెట్టింది. దాంతో ఊరు కార్ల మీదే ఆధారపడిపోయింది, అవి కుదేలైనప్పుడు పట్టుకోవడానికి వేరే కొమ్మ లేదు. 1982 నాటికి నిరుద్యోగం 20 శాతానికి దగ్గరైంది. ఐరిష్ కార్మికులు, పంజాబీ, కరీబియన్ కార్మికులు అందరికంటే ముందు రోడ్డున పడ్డారు.

కాంక్రీట్ కాలర్ అంటే?

సిటీ సెంటర్ చుట్టూ బిగించిన ఇన్నర్ రింగ్ రోడ్డుకు జనం పెట్టిన పేరు. 1935 నుంచి 1963 దాకా నగర ఇంజినీరుగా ఉన్న హెర్బర్ట్ మాన్జోనీ ఆలోచన అది. కార్లకు హాయి, నడిచేవాళ్ళకు సొరంగాలు. రోడ్డుకు లోపల ఉన్న భూమి ధర పెరిగింది, బయట పడ్డ డిగ్‌బెత్ లాంటి పేటలు తెగిపోయాయి. 1988లో హైబరీ ఇనీషియేటివ్ అనే సదస్సులో నిపుణులు ఈ ఉచ్చు తెంపమన్నారు. 2002లో మాస్‌హౌస్ సర్కస్ అనే కూడలి దగ్గర ఎత్తు రోడ్డును పడగొట్టారు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ రోడ్డు అడ్డంగా ఉన్నన్నాళ్ళూ డిగ్‌బెత్‌లో అద్దెలు తక్కువగా ఉన్నాయి. పబ్బులు, క్లబ్బులు, మెకానిక్ షెడ్లు, చిత్రకారుల స్టూడియోలు బతికింది అందుకే. గోడ పడగొట్టగానే వెలుతురుతోపాటు భూమి ధర కూడా లోపలికి వచ్చింది.

ఆ తర్వాత వరసగా ఏమేం కట్టారు?

2001లో మిలీనియం పాయింట్, 2003లో కొత్త బుల్ రింగ్, 2009లో కొత్త కోచ్ స్టేషన్, 2012లో ఈస్ట్‌సైడ్ సిటీ పార్కు, ఆ పక్కనే బర్మింగ్‌హామ్ సిటీ యూనివర్సిటీ భవనాలు. 2010లో కౌన్సిల్ బిగ్ సిటీ ప్లాన్ ప్రకటించింది. సిటీ సెంటర్ ప్రధాన భాగాన్ని పావు వంతు పెంచడం దాని లక్ష్యాల్లో ఒకటి. పెరగడానికి ఖాళీ ఉన్నది ప్రధానంగా ఇటువైపే.

ఐరిష్ క్వార్టర్ అనే పేరు ఎవరు పెట్టారు? అది నిలిచిందా?

ఐరిష్ వాళ్ళు 19వ శతాబ్దం నుంచీ ఉన్నా, ఆ పేరును పటం మీదకు తేవాలన్న ప్రయత్నం 2000 దశకంలో గట్టిగా జరిగింది. ఊరేగింపు తిరిగొచ్చింది, పబ్బులు ఉన్నాయి, చర్చి ఉంది. డెరిటెండ్ హై స్ట్రీట్‌లో 1967 నుంచి ఐరిష్ సెంటర్ ఉండేది. పెళ్ళిళ్ళు, నాట్యాలు, సంగీతం, చావు తర్వాత భోజనాలు అన్నీ అందులోనే. ఇన్ని ఉన్నప్పుడు ఆభరణాల పనివాళ్ళకు జ్యువెలరీ క్వార్టర్ ఉన్నట్టు మనకూ ఒకటి ఎందుకు ఉండకూడదని ఐరిష్ సంఘాలు అడిగాయి. న్యాయమైన కోరికే.

డెవలపర్లు పేరును ఇష్టంగా తీసుకున్నారు. బ్రాడ్‌ఫోర్డ్ స్ట్రీట్ దగ్గర ఒక పెద్ద ప్రాజెక్టుకు కానాట్ స్క్వేర్ అని పెట్టారు. మేయో, గాల్వే ఉన్న రాష్ట్రం పేరు అది. 2008 మాంద్యంలో అది ఆగిపోయింది, స్థలం ఏళ్ళ తరబడి అలాగే పడి ఉంది. తర్వాత చేతులు మారి, మళ్ళీ అపార్ట్‌మెంట్ల ప్లానుతో ముందుకొచ్చింది.

ఇంతలో 2020ల మొదట్లో ఐరిష్ సెంటరే డిగ్‌బెత్ వదిలి, దక్షిణాన ఉన్న కింగ్స్ హీత్‌కు మారింది. కొత్త చోట కార్లు పెట్టుకోవడానికి వీలుంది, ఐరిష్ కుటుంబాలు చాలా ఏళ్ళ క్రితమే ఆ వైపు ఇళ్ళు కొనుక్కున్నాయి. కాబట్టి మారినవాళ్ళను తప్పుపట్టలేం. కానీ పేటకు పేరు తెచ్చిన సంస్థ పోయాక పేరు మాత్రం బోర్డుల మీద, బ్రోషర్లలో ఉంటే దానికి అర్థం ఏమిటి? నన్నడిగితే ఈ పేటకు జరిగిన అతి పెద్ద నష్టం అదే. 1950ల్లో వచ్చినవాళ్ళకు ఇప్పుడు 80, 90 ఏళ్ళు. ఊరు మధ్యలో ఏ బస్సు ఎక్కినా చేరగలిగే హాలు వాళ్ళకు పోయింది.

ఇప్పుడు బర్మింగ్‌హామ్‌లో ఐరిష్ వాళ్ళు ఎంతమంది?

2011 జనాభా లెక్కల్లో తాము ఐరిష్ అని రాయించుకున్నవాళ్ళు సుమారు 22,000, అంటే 2.1 శాతం. 2021లో అది దాదాపు 1.5 శాతానికి తగ్గింది. ఇక్కడే పుట్టి, తమను బ్రిటిష్ అని రాయించుకునే పిల్లలు, మనవలు ఈ లెక్కలోకి రారు.

కెనడీ మొజాయిక్ కథ ఏమిటి?

అమెరికా అధ్యక్షుడు జాన్ ఎఫ్ కెనడీ ఐరిష్ మూలాలున్న కాథలిక్. ఆయన హత్య తర్వాత బర్మింగ్‌హామ్ ఐరిష్ వాళ్ళు చందాలు వేసుకుని, 1968లో సెయింట్ చాడ్స్ సర్కస్ దగ్గర పెద్ద గోడ నిండా రంగు గాజు ముక్కలతో స్మారక చిత్రం పెట్టించారు. చేసింది కెనెత్ బడ్ అనే కళాకారుడు. 2007లో ఆ జంక్షన్‌ను మార్చేటప్పుడు దాన్ని పడగొట్టారు. సమాజం ఊరుకోలేదు. ఏళ్ళపాటు అడిగి అడిగి, 2013 నాటికి కెనెత్ కొడుకు ఆలివర్ బడ్ చేతే డిగ్‌బెత్‌లోని ఫ్లడ్‌గేట్ స్ట్రీట్‌లో తిరిగి చేయించుకున్నారు. పేట మార్పులో పట్టు వదలకపోతే ఏం సాధించవచ్చో చెప్పమంటే నేను ముందు దీన్నే చూపిస్తాను.

అంత పెద్ద తవ్వకాలు ఎందుకు? హెచ్‌ఎస్2 అంటే ఏమిటి?

లండన్ నుంచి బర్మింగ్‌హామ్‌కు వేస్తున్న హైస్పీడ్ రైలు మార్గం. పూర్తయితే ప్రయాణం సుమారు 49 నిమిషాలు. 7 ప్లాట్‌ఫారాల కొత్త కర్జన్ స్ట్రీట్ స్టేషన్ డిగ్‌బెత్ అంచునే లేస్తోంది, 1838 నాటి పాత స్టేషన్ ద్వారం పక్కనే. మొదట 2026లో రైళ్ళు నడవాలి. ఇప్పుడు 2033 కూడా కుదరదని 2025లో ప్రభుత్వమే ఒప్పుకుంది. బర్మింగ్‌హామ్ నుంచి మాంచెస్టర్‌కు వెళ్ళాల్సిన భాగాన్ని 2023 అక్టోబరులో రద్దు చేశారు.

స్టేషన్ కోసం పార్క్ స్ట్రీట్ శ్మశానాన్ని తవ్వారు. 1810లో మొదలై 1873లో మూసేసిన ఆ చోట సుమారు 6,500 మంది అస్థికలు బయటపడ్డాయి. గొప్పవాళ్ళవి కావు, సంతలో, కొలుముల్లో, కార్ఖానాల్లో పనిచేసిన మామూలు మనుషులవి. 1867లో గుంపులు ఐరిష్ ఇళ్ళు పగలగొట్టిన వీధి ఇదే. వాళ్ళు ఉన్న చోటే ఇప్పుడు స్టేషన్. పురావస్తు నిపుణులు అస్థికలను ఓపికగా, మర్యాదగా తీశారు. ఆ వీధి ఎవరిదో కొత్త స్టేషన్ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయాలని నా కోరిక.

ఒక పక్క మాట. ఈ పేటలోనే డడ్‌స్టన్ వయాడక్ట్ అని ఇటుక వంతెన ఉంది. 1840ల్లో రైల్వే కంపెనీల పోట్లాటలో కట్టి, ఒక్క రైలు కూడా నడవకుండానే వదిలేశారు. దాని మీద పార్కు చేద్దామన్న ప్రతిపాదనలు ఉన్నాయి. రైలు పేరు చెప్పి భూములు తీసుకునేటప్పుడు ఆ వంతెనను ఒకసారి చూడడం మంచిది.

పాడుబడ్డ పేట బాగుపడితే తప్పేముంది?

బాగుపడడం తప్పు కాదు. విరిగిన కిటికీలు, వాన నీటి గుంటలు, చీకటి పడితే నడవలేని సందులు ఎవరికీ మంచివి కావు. స్పాటెడ్ డాగ్ అనే ఐరిష్ పబ్బుకు జరిగింది చూస్తే చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. సంగీతం, ఆటలు, పలకరింపులతో ఎన్నో ఏళ్ళుగా నడుస్తున్న పబ్బు. దగ్గర్లో కొత్త ఫ్లాట్లు కట్టారు. ఉండడానికి వచ్చినవాళ్ళు రాత్రి శబ్దం గురించి ఫిర్యాదు చేశారు. దాంతో పబ్బుకు నోటీసులు, ఏళ్ళ తరబడి టెన్షన్. పక్కనున్న రెయిన్‌బో పబ్బుకూ అలాంటి బాధే. నిద్ర పట్టనివాళ్ళ మీద కోపం అనవసరం. శబ్దం ఆపే గోడలు, కిటికీలు పెట్టకుండా ఫ్లాట్లు అమ్మినవాళ్ళది, దానికి అనుమతి ఇచ్చినవాళ్ళది ఆ బాధ్యత. 2018లో ఇంగ్లండ్ ప్లానింగ్ విధానంలో కొత్త సూత్రం చేర్చారు. ముందునుంచి ఉన్న పబ్బు, క్లబ్బు పక్కన ఇళ్ళు కట్టేవాళ్ళే శబ్దం నుంచి రక్షణ ఏర్పాటు చేయాలి. చాలామందికి అప్పటికే ఆలస్యమైంది.

నా అభిప్రాయం ఏమిటంటే, ఇక్కడ భవనాలను కాపాడడానికి చట్టాలు బాగానే ఉన్నాయి. 1987లో కాలువల వైపు, 2000లో హై స్ట్రీట్ చుట్టూ సంరక్షణ ప్రాంతాలు ప్రకటించారు. ఇటుక, కిటికీ, టెర్రాకోటా మిగిలాయి. లోపల జరిగేదాన్ని కాపాడే చట్టం మాత్రం బలహీనం. చర్చి హాలులో పెద్దవాళ్ళకు పెట్టే మధ్యాహ్న భోజనానికి, పబ్బు వెనక గదిలో పిల్లలకు నేర్పే ఫిడేలుకు లీజు తీరిపోతే రక్షణ లేదు. కాబట్టి కొత్త అపార్ట్‌మెంట్లకు అనుమతి ఇచ్చే ప్రతిసారీ, కింద అంతస్తులో ఎప్పటికీ తక్కువ అద్దెకు ఉండే హాలు ఒకటి సమాజానికి రాసివ్వాలని షరతు పెట్టాలి. ఖర్చు బిల్డర్లు భరించగలరు. పేట పేరు వాడుకునే ఫ్లాట్లు అమ్ముతున్నారు కదా.

కళాకారుల సంగతి?

వాళ్ళదీ అదే కథ. ఈస్ట్‌సైడ్ ప్రాజెక్ట్స్ లాంటి గ్యాలరీలు 2008 నుంచి హీత్ మిల్ లేన్‌లో పనిచేస్తున్నాయి. కస్టర్డ్ ఫ్యాక్టరీని 2017లో ఓవల్ అనే పెద్ద రియల్ ఎస్టేట్ సంస్థ కొన్నది. సినిమా, టీవీ స్టూడియోలు వస్తున్నాయి, పనులు వస్తున్నాయి, అది మంచిదే. అద్దెలు కూడా పెరుగుతున్నాయి.

కౌన్సిల్ దివాలా తీసిందట కదా, ఇవన్నీ ఆగిపోతాయా?

2023 సెప్టెంబరులో బర్మింగ్‌హామ్ కౌన్సిల్ సెక్షన్ 114 నోటీసు ఇచ్చింది. తప్పనిసరి ఖర్చులు తప్ప మిగతావి ఆపడం దాని అర్థం. ఆడవాళ్ళకు సమాన వేతనం బకాయిలు, గాడి తప్పిన కంప్యూటర్ వ్యవస్థ ప్రధాన కారణాలు. ప్రైవేటు ప్రాజెక్టులు దానివల్ల ఆగవు. పాత హోల్‌సేల్ మార్కెట్లు 2018లో విట్టన్‌కు తరలిపోయిన స్మిత్‌ఫీల్డ్ స్థలంలో 17 హెక్టార్ల పెద్ద నిర్మాణానికి 2024లో అనుమతి వచ్చింది. అయితే కౌన్సిల్ తన ఆస్తులు అమ్ముకోవాల్సి వచ్చింది. అమ్మకానికి పెట్టిన భవనాల్లో యువజన కేంద్రాలు, సమాజ హాళ్ళు ఉంటే కొనే శక్తి చిన్న సంఘాలకు ఉండదు. దీని గురించి తక్కువ మాట్లాడుతున్నారు.

తెలుగువాళ్ళకు ఇందులో సంబంధం ఏముంది?

చాలా దగ్గరి సంబంధమే ఉంది. సిటీ యూనివర్సిటీలో, ఆస్టన్ యూనివర్సిటీలో చదివే మన పిల్లలు ఉండేది, పార్ట్‌టైమ్ పనులు చేసేది ఈ చుట్టుపక్కలే. కొత్త స్టూడెంట్ ఫ్లాట్లు కట్టేది వాళ్ళలాంటి వాళ్ళ కోసమే. అద్దె ఎక్కువని బాధపడేదీ వాళ్ళే.

ఇంకో ఉదాహరణ. బర్మింగ్‌హామ్‌కు పశ్చిమాన టివిడేల్‌లో వెంకటేశ్వరస్వామి గుడి ఉంది, 2006లో కుంభాభిషేకం జరిగింది. బొగ్గు, ఇనుముతో బతికిన బ్లాక్ కంట్రీ అనే ప్రాంతంలో, కాలువ దగ్గరి పాత స్థలాన్ని బాగుచేసి కట్టారు. వలస వచ్చినవాళ్ళు కార్ఖానాల నేలను తమ చోటుగా ఎలా మార్చుకుంటారో అక్కడికి వెళ్ళే ప్రతి తెలుగు కుటుంబానికీ తెలుసు. ఆ గుడి స్థలం సమాజం చేతిలో ఉంది. అద్దె పెరిగిందని ఎవరూ ఖాళీ చేయమనలేరు. సంఘం పెట్టుకునే ప్రతి ఊళ్ళో మనవాళ్ళు ముందు ఆలోచించాల్సింది ఈ విషయమే.

ఒక పూటలో ఏం చూడొచ్చు?

న్యూ స్ట్రీట్ స్టేషన్ దగ్గరి స్మారకంతో మొదలుపెట్టండి. బుల్ రింగ్ దాటి దిగండి, ఓల్డ్ క్రౌన్ చూడండి, కస్టర్డ్ ఫ్యాక్టరీలో ఏదైనా తినండి, ఫ్లడ్‌గేట్ స్ట్రీట్ మొజాయిక్ దగ్గర ఆగండి, ఆల్సెస్టర్ స్ట్రీట్‌లో సెయింట్ ఆన్స్ చర్చి దాకా వెళ్ళండి. కారులో వద్దు. ఇది క్లీన్ ఎయిర్ జోన్, పాత కార్లకు రోజుకు 8 పౌండ్లు పడుతుంది.

ఈ ప్లాన్ల మీద మనం మాట చెప్పొచ్చా?

చెప్పొచ్చు. ఏ ప్లానింగ్ దరఖాస్తు మీదైనా కౌన్సిల్ వెబ్‌సైట్‌లో అభిప్రాయం రాయవచ్చు, మామూలుగా 21 రోజుల గడువు ఉంటుంది. పౌరసత్వం అడగరు. స్టూడెంట్ వీసా మీద ఉన్నా రాయవచ్చు. శబ్దం, వెలుతురు, పోయే హాలు, పోయే దుకాణం గురించి నిర్దిష్టంగా రాస్తే అధికారులు లెక్కలోకి తీసుకోవాలి. ఊరికే వద్దు అని రాస్తే పక్కన పెడతారు.

ఇంకొకటి మనవాళ్ళలో చాలామందికి తెలియదు. భారతీయులు కామన్వెల్త్ పౌరులు కాబట్టి, చట్టబద్ధంగా ఇక్కడ నివసిస్తుంటే బ్రిటిష్ పాస్‌పోర్టు లేకపోయినా కౌన్సిల్ ఎన్నికల్లోనూ పార్లమెంటు ఎన్నికల్లోనూ ఓటు వేయవచ్చు. బర్మింగ్‌హామ్ కౌన్సిల్ ఎన్నికలు నాలుగేళ్ళకోసారి. ఇల్లు మారిన ప్రతిసారీ కొత్త చిరునామాతో ఓటరుగా నమోదు చేసుకోవాలి, ఆన్‌లైన్‌లో అయిదు నిమిషాల పని.